వాల్యూమ్ సున్నా, మోత మాత్రం నిండుగా

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 43, బ్యాంకులో ఉద్యోగం. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లో వాళ్ల నాన్నగారికి వాల్వు సెట్లు బాగుచేసే కొట్టు ఉండేది. కాలం మారి కొట్టు మూతపడింది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. ఇప్పుడు పాత పాటలు వింటూ కుర్చీలోనే గడుపుతున్నారు. ఆయన కోసం సొంత చేతులతో ఒక వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేద్దామని ఈయన పని మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. లోపల రెండు వాల్వులు (హీటరు తీగ వేడెక్కితే పనిచేసే గాజు గొట్టాలు), ముందు ఒక 12ఏయూ7, వెనక ఒక 6080. వాటికి 200 వోల్టుల హెచ్‌టీ, అంటే హై టెన్షన్ డీసీ. ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్లోనే చుట్టించారు.

పాట వస్తోంది, బాగుందట కూడా. కానీ వెనక మోత. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా ‘ఊఁ’ అని వస్తూనే ఉంది, ఎడమ చెవిలో కాస్త ఎక్కువగా. వాల్యూమ్ సగంలో ఉన్నప్పుడు నాబ్ ముట్టుకుంటే కొంచెం తగ్గుతుంది, వదిలితే మళ్లీ మొదలు. ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ నుంచి పాట పెడితే ‘జుర్ర్’ మని ఇంకో మోత వచ్చి కలుస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మరీ అన్యాయం. ఎడమవైపు అప్పుడప్పుడు చిటపట. ఒక మిత్రుడు చెప్పాడని హెచ్‌టీలో ఉన్న మూడు 100 మైక్రోఫారడ్ కండెన్సర్లు తీసి 470 మైక్రోఫారడ్‌లవి వేశారు. మోత తగ్గలేదు, పైగా దాని గొంతు గరగరగా మారింది. ఇంకో మిత్రుడి మాట విని ప్లగ్గులో ఎర్త్ వైరు కత్తిరించారు. దాంతో సగం తగ్గింది. ‘అయితే ఇప్పుడు పెట్టె ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి, ఇది మామూలేనా?’ అని అడిగారు.

అసలు బాధ చివరి పేజీలో ఉంది. ‘నాన్న వెనక కూర్చుని హీటరు చూడరా అని మూడుసార్లు అన్నారు. నేను వినిపించుకోలేదు. ఇప్పుడు వెళ్లి అడగాలంటే మొహమాటం. ఇప్పటికి 14 వేలు అయింది. మా ఆవిడ అటకెక్కించమంటోంది. కొత్త టొరాయిడ్ (గుండ్రంగా చుట్టిన, మోత తక్కువ పుట్టించే) ట్రాన్స్‌ఫార్మర్ కొనమంటారా? ఇది అమ్మేసి రెడీమేడ్‌ది కొనమంటారా?’

మీరు అడిగిన వాటిలో చాలా వాటికి రెండు మూడు దారులు చెబుతాను, ఏది పట్టుకోవాలో మీ ఇష్టం. ఎర్త్ వైరు విషయంలో మాత్రం ఒకే దారి. ఈ పేజీ పక్కన పెట్టి, ముందు వెళ్లి ఆ వైరు తిరిగి కలపండి. జివ్వుమనడం మామూలు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య నుంచో ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచో కొద్దిపాటి కరెంటు పెట్టెకు చేరుతోంది, ఎర్త్ లేదు కాబట్టి మీ వేళ్ల గుండా నేలకు పోతోంది. ఈరోజుకు అది జివ్వు మాత్రమే. రేపు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కడైనా ఇన్సులేషన్ కాలితే పెట్టెకు 230 వోల్టులు వస్తాయి. హెడ్‌ఫోన్ జాక్ బయటి భాగం ఆ పెట్టెకే కలిసి ఉంటుంది. ఆ వైరు రెండో కొన ఒక చెయ్యి పనిచేయని పెద్దాయన చెవుల మీద ఉంటుంది.

ఎర్త్ పీకితే మోత తగ్గిందని చెప్పిన మీ మిత్రుడు అబద్ధం ఆడలేదు. తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో తెలిస్తే, ఎర్త్ ఉంచుకునే తగ్గించుకోవచ్చు. అది కాసేపాగి చెబుతాను. ఈలోగా ఇంటి ఎర్తింగ్ అసలు ఉందో లేదో కూడా చూపించండి. మన ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ గుంత దాకా వైరు ఉందని నమ్మకం లేదు. ఎలక్ట్రీషియన్ మీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చినంత, అటూఇటూగా, రావాలి. ఎలాగూ వస్తాడు కాబట్టి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే లైను తెంపేసే స్విచ్) లేకపోతే అది కూడా పెట్టించండి.

ఇక మోత. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడే నాకు అనిపించింది, మీ దగ్గర ఉన్నది ఒక మోత కాదు. కనీసం నాలుగు ఉన్నాయి, అన్నీ ఒకే చెవిలో దూరాయి. అందుకే ఒకటి సరిచేసినా మిగతా మూడూ ‘ఏమీ మారలేదు’ అనిపిస్తాయి. ఇప్పటిదాకా మీరు చేసిన పని మందులు మార్చడం. నాడి చూడటం ఇంకా మొదలవలేదు.

నాడి చూడటానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాత చవక ఇయర్‌ఫోన్ ఒకటి తీసుకోండి, మంచిది వద్దు. పాట ఆపి, ల్యాప్‌టాప్ వైరు అలాగే ఉంచి, యాంప్లిఫయర్ వేడెక్కాక దాని స్విచ్ మాత్రమే ఆపండి. ప్లగ్గు పీకొద్దు. వాల్వులు వెంటనే చల్లారవు, కండెన్సర్లలో ఛార్జీ వెంటనే పోదు. కొన్ని సెకన్ల పాటు యాంప్లిఫయర్ బతికే ఉంటుంది, దాని ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చచ్చిపోతుంది. ఆ కొన్ని సెకన్లలో చెవి రిక్కించి వినండి. స్విచ్ ఆపిన క్షణంలోనే మోత టక్కున తెగితే దాని పుట్టుక పెట్టె లోపలే: హీటర్లు, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), లేదా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం. తెగకుండా మెల్లగా కరిగిపోతూ వినిపిస్తే అది బయటి నుంచి, అంటే ల్యాప్‌టాప్ వైరు మీదుగా వస్తోంది. ఈ పరీక్ష వాల్యూమ్ సున్నాలో ఒకసారి, సగంలో ఒకసారి, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి ఒకసారి చెయ్యండి. ఏం విన్నారో కాగితం మీద రాసుకోండి. చెవి జ్ఞాపకం అరగంట కూడా నిలవదు.

రెండో గుర్తు మోత పలికే స్వరం. మన కరెంటు 50 హెర్ట్జ్. హీటర్ల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం నుంచి వచ్చేది ఎక్కువగా 50. బ్రిడ్జి రెక్టిఫయర్ తర్వాత మిగిలే అల 100. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, మంచి హెడ్‌ఫోన్‌లో 50, 100 మార్చి మార్చి వింటే తేడా పట్టుబడుతుంది. సంగీతం తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకో కొండగుర్తు: శ్రుతిపెట్టె ఐదులో పెడితే ఆధారషడ్జం 196 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి ఒక స్థాయి కిందది 98. మీ మోత దానికి రవ్వంత పైన పలికితే అది 100. దాన్ని ఒక్క స్వరంగా చెప్పలేక ‘జుర్ర్’ అనాల్సి వస్తే, అందులో 100తో పాటు 200, 300 కూడా కలిసి ఉన్నట్టు. అది మొనదేలిన కరెంటు పోట్ల శబ్దం.

ఇప్పుడు మీ కండెన్సర్ల కథకు వద్దాం. ఆ డబ్బు వృథా పోలేదు, అందులో ఒక జవాబు దాగుంది. 6080లో ఉన్న రెండు సగాలూ (ఒక్కో చెవికి ఒకటి) కలిపి 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. మొదటి కండెన్సర్ 100 అయినప్పుడు దాని మీద అల దగ్గరదగ్గర 8 వోల్టులు. తర్వాత మీరు వేసిన రెండు 270 ఓముల రెసిస్టర్లు, రెండు కండెన్సర్లు దాన్ని ఒక్కో మెట్టులో 17వ వంతు చేస్తాయి. చివరికి 30 మిల్లీవోల్టుల లోపు మిగులుతుంది. మూడింటినీ 470 చేశాక ఇది వంద రెట్లు తగ్గాలి. మీ చెవికి రవ్వంత కూడా తగ్గలేదంటే, మీరు వింటున్న మోత హెచ్‌టీ అల కాదు. ఇంకో మిత్రుడు వచ్చి ఆ అలను అణిచే రెగ్యులేటర్ పెట్టమంటాడు, చోక్ పెట్టమంటాడు. మంచివే, మీ జబ్బుకు మందు కావు.

మరి మోత గొంతు ఎందుకు గరగరగా మారింది? ఇదే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం, ఎందుకంటే దొంగను పట్టించేది ఇదే. పెద్ద కండెన్సర్ నిండడానికి కరెంటు సెకనుకు 100 సార్లు చిన్న చిన్న పోట్లుగా వస్తుంది. కండెన్సర్ పెద్దదయ్యేకొద్దీ ఆ పోటు సన్నబడి ఎత్తు పెరుగుతుంది. ఆ పోటు బ్రిడ్జి నుంచి మొదటి కండెన్సర్‌కు వెళ్లి, అక్కడినుంచి తిరిగి బ్రిడ్జికి చేరుతుంది. దాని దారి అంతే ఉండాలి, మూడంగుళాలు. మీరేమో నెగటివ్‌లన్నీ పెట్టె చుట్టూ తిప్పిన ఒక మందపాటి రాగి తీగకు సోల్డర్ చేశానని, బ్రిడ్జి మైనస్ ‘ఇన్‌పుట్ జాక్ పక్కన ఖాళీ ఉందని’ అక్కడ అతికానని రాశారు. అంటే మొదటి కండెన్సర్ నుంచి బ్రిడ్జికి తిరిగి వెళ్లే పోటు మొత్తం 12ఏయూ7 కాళ్ల దగ్గర నుంచి, ఇన్‌పుట్ నేల (సర్క్యూట్ సున్నా వోల్టుగా లెక్కపెట్టుకునే చోటు) మీదుగా పోతోంది. రాగి ఎంత మందమైనా దానికీ కొంత నిరోధం ఉంటుంది. అందులో పుట్టే ఒక్క మిల్లీవోల్టు కూడా పాటతో పాటు 12ఏయూ7లో పది పదిహేను రెట్లు పెరుగుతుంది. వాల్యూమ్ సున్నా చేసినా పోదు, అది వాల్యూమ్ దాటాక చేరుతోంది కాబట్టి.

దీనికి చెయ్యాల్సింది అరగంట పని. బ్రిడ్జి మైనస్ వైరు అక్కడ ఊడదీసి నేరుగా మొదటి కండెన్సర్ మైనస్ కాలికి అతకండి, తీగకు కాదు. ఆ కాలి నుంచి ఒకే ఒక్క వైరు తీగకు. తీగ మీద వరస ఇలా ఉండాలి: హెచ్‌టీ కండెన్సర్లు, తర్వాత 6080, హెడ్‌ఫోన్ జాక్, తర్వాత 12ఏయూ7, చివర ఇన్‌పుట్. తీగ రెండు కొనలూ కలిసి గాజులా చుట్టు అయి ఉంటే ఒకచోట తెంపండి. ఆ పని పట్టినప్పుడే మొదటి కండెన్సర్ మళ్లీ 100 చేసేయండి, వెనక రెండూ 470 ఉంచుకోండి. పోటు తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ఊపిరి ఆడుతుంది.

చెయ్యి పెట్టేముందు ఒక మాట. మూడు 470లు కలిస్తే 1410 మైక్రోఫారడ్లు, 200 వోల్టుల దగ్గర దాదాపు 28 జూళ్లు. స్విచ్ ఆపినా అది అక్కడే కూర్చుని ఉంటుంది. ఆ ఛార్జీని ఖాళీచేసే బ్లీడర్ రెసిస్టర్ గురించి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ప్రతి కండెన్సర్ మీదా 100 కిలోఓములు, 2 వాట్లది ఒకటి వెయ్యండి. అవి ఉన్నా నాలుగైదు నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, 10 వోల్టుల లోపు ఉందని చూశాకే వేలు పెట్టండి. ఆన్‌లో ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి. ఇది మీ నాన్నగారు మీకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు.

ఆయన దగ్గరికే వస్తున్నాను. ‘హీటరు చూడరా’ అన్నారు కదా. ఆయన సగం కచ్చితంగా కరెక్టు, బహుశా సగం కంటే ఎక్కువే. మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్లకు వెళ్లే 6.3 వోల్టుల చుట్టుకు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసే మూడో వైరు) లేదన్నారు. ఆ రెండు కొనలూ వాల్వులకు తప్ప దేనికీ కలపలేదన్నారు. అంటే హీటర్ సర్క్యూట్ గాల్లో వేలాడుతోంది. నేలతో సంబంధం లేని 50 హెర్ట్జ్ వైరు కేథోడ్‌కు (ఆ వేడికి ఎలక్ట్రాన్లు వదిలే భాగానికి) వెంట్రుకవాసి దూరంలో ఉంటే, అది తన మోతను కేథోడ్‌కు అంటించకుండా ఉండదు.

ముందు రుజువు చేసుకోవాలనుకుంటే ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల 4.5 ఆంపియర్‌అవర్ బ్యాటరీ తెచ్చుకోండి. హీటర్ చుట్టు వైర్లు ఊడదీసి వేరుగా టేపు చుట్టి, వాటి బదులు బ్యాటరీ కలపండి, దాని మైనస్ రాగి తీగకు. మీ రెండు వాల్వులూ కలిసి 2.8 ఆంపియర్లు లాగుతాయి, కాబట్టి గంట అటూఇటూగా నడుస్తుంది. పరీక్షకు అది చాలు. బ్యాటరీ మీద ‘ఊఁ’ మాయమైతే నాన్నగారు గెలిచినట్టు.

అప్పుడు మీ ముందు మూడు దారులు. మొదటిది అన్నిటికన్నా చవక: 6.3 వోల్టుల రెండు కొనల నుంచీ చెరొక 100 ఓముల అరవాట్ రెసిస్టర్ తెచ్చి మధ్యలో కలిపి, ఆ మధ్య బిందువును నేలకు కలపడం. పాతకాలం సెట్లలో సెంటర్ ట్యాప్ చేసే పనే ఇది. దాంతోపాటు హీటర్ వైర్లు రెండూ జడలా బిగుతుగా మెలేసి, పెట్టె మూల వెంబడి, గ్రిడ్ (పాట వాల్వులోకి వెళ్లే కాలు) వైర్లకు దూరంగా తీసుకెళ్లాలి. చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది.

రెండోది, ఆ మధ్య బిందువును నేలకు కాక 35 వోల్టులకు ఎత్తడం. హెచ్‌టీ నుంచి 220 కిలోఓములు, దాని కింద 47 కిలోఓములు నేలకు, ఆ 47 మీద 47 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒకటి. 12ఏయూ7 కేథోడ్ కొద్ది వోల్టుల్లోనే ఉంటుంది కాబట్టి హీటర్ దానికన్నా ఎత్తులో ఉంటే హీటర్ నుంచి కేథోడ్‌కు ఎలక్ట్రాన్లు దూకడం ఆగిపోతుంది. 6080 కేథోడ్ 100 వోల్టుల దగ్గర ఉంటుంది, దానికి దీనివల్ల ఇబ్బంది లేదు, తేడా ఇంకా తగ్గుతుంది. నేనైతే నేరుగా ఇదే చేస్తాను, అదనంగా అయ్యేది మూడు చిన్న సామాన్లే.

మూడోది 12ఏయూ7 ఒక్కదానికి డీసీ ఇవ్వడం. చిన్న 12 వోల్టుల అడాప్టర్ తీసుకుని 4, 5 కాళ్లకు కలిపి, 9వ కాలు వదిలేస్తే 150 మిల్లీఆంపియర్లతో నడుస్తుంది. 12.6 ఉండాల్సిన చోట 12 ఉన్నా వాల్వు ఏమీ అనుకోదు. ఆ వాల్వు హీటర్ మోత పూర్తిగా పోతుంది. కానీ ఆ అడాప్టర్ తన సొంత స్విచింగ్ రొదను తేగలదు, దాని మైనస్‌ను నేలకు కలపడం మరిచిపోతే కొత్త మోత తయారు. మొదటి రెండూ పనిచేయకపోతేనే దీని జోలికి వెళ్లండి. 6080కి డీసీ గురించి అసలు ఆలోచించొద్దు, రెండున్నర ఆంపియర్లకు రెక్టిఫయరూ హీట్‌సింకూ పెట్టుకుంటూ పోతే యాంప్లిఫయర్ కాస్తా కుంపటి అవుతుంది.

ఎడమ చెవిలో ఎక్కువ అన్నది బహుశా ట్రాన్స్‌ఫార్మర్ వల్ల. ఎడమ ఇన్‌పుట్ వైరు దాని పక్కనుంచే పోతోందని మీ చేతి బొమ్మలో కనిపిస్తోంది. ఆ వైరును రెండోవైపు మళ్లించి చూడండి. చాలకపోతే, ప్రతిసారీ కరెంటు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు వదులు చేసి పావు చుట్టు తిప్పి బిగించి వినండి. ఒక దిక్కులో మోత బాగా పడిపోతుంది. అల్యూమినియం పెట్టె 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు, ‘లోహపు పెట్టే కదా’ అని నమ్మకం పెట్టుకోవద్దు. దూరం, దిక్కు, ఈ రెండే పనిచేస్తాయి. ఇవి చూడకుండా టొరాయిడ్ కొంటే, డబ్బు పోసి కొన్నాక కూడా బ్రిడ్జి మైనస్ అక్కడే అతికి ఉంటుంది, హీటర్ గాల్లోనే వేలాడుతుంది. ఇవన్నీ చేశాక కూడా 50 హెర్ట్జ్ మిగిలితే అప్పుడు టొరాయిడ్ మాట ఆలోచించవచ్చు.

నాబ్ ముట్టుకుంటే తగ్గడం తేలిక విషయం. వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటికి నేల కలవలేదు, మీ చెయ్యే ఆ పని చేస్తోంది. పెట్టె ముందు పలకకు రంగు వేయించానన్నారు కదా, వాషర్ కింద రంగు గీకేయండి, సరిపోతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్. మూడు పిన్నుల ఛార్జర్ ఉన్న ల్యాప్‌టాప్‌కు ఒక ఎర్త్, మీ పెట్టెకు ఇంకో ఎర్త్, మధ్యలో పాట వైరు షీల్డు (దాని పైన అల్లిన తీగ). ఈ మూడూ కలిసి ఒక పెద్ద చుట్టు అవుతుంది, దాంట్లో మోత కరెంటు తిరుగుతుంది. ఎర్త్ తెంపితే చుట్టు తెగుతుంది, మీ మిత్రుడి మహిమ అదే. ఎర్త్ తెంపకుండా చేసే పనులు ఇవి. పాట వినేటప్పుడు ఛార్జరు తీసేయడం, పైసా ఖర్చు లేదు, కానీ నాన్నగారు రోజంతా వింటే బ్యాటరీ నిలవదు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం, చుట్టు చిన్నదై మోత తగ్గుతుంది, కానీ పూర్తిగా పోకపోవచ్చు. ల్యాప్‌టాప్ మానేసి బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ రిసీవర్ పెట్టడం, పెద్దాయనకు ఫోన్ నుంచి పాట పెట్టడం కూడా తేలిక. మీ ఇంట్లో జరగాల్సింది ఇదేనని నా ఊహ.

పెట్టెలోనే పరిష్కారం కావాలంటే ఎర్త్ పిన్ వైరును పెట్టె లోహానికి నేరుగా బోల్టుతో బిగించండి, మధ్యలో ఏమీ పెట్టొద్దు. రాగి తీగకూ పెట్టెకూ మధ్య మాత్రం 10 ఓముల 5 వాట్ల రెసిస్టర్, దానికి సమాంతరంగా ఒక 0.1 మైక్రోఫారడ్, ఇంకా ఒక 25 ఆంపియర్ల బ్రిడ్జి. బ్రిడ్జి ప్లస్, మైనస్ రెండూ ఒకదానికొకటి కలిపి, ఏసీ కాళ్లు రెండూ అటూ ఇటూ కలపాలి. మామూలుగా రెసిస్టర్ వల్ల చుట్టులో కరెంటు తగ్గుతుంది. లోపల ఏదైనా తెగి మెయిన్స్ ఆ తీగ మీద పడితే బ్రిడ్జి దాన్ని ఎర్తుకు తోసి ఫ్యూజు ఎగరగొడుతుంది. ఇన్‌పుట్ జాక్‌లు, హెడ్‌ఫోన్ జాక్ పెట్టెకు తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వెయ్యాలి, ఒక్కటి తగిలినా ఇదంతా దండగ.

ఇన్వర్టర్ సంగతి: మీది చదరపు తరంగం ఇచ్చే పాతరకం అయ్యుంటుంది. అందులో 150, 250 హెర్ట్జ్‌లు నిండుగా ఉంటాయి. పైగా సైన్ తరంగం శిఖరం 325 వోల్టులైతే చదరపు దాని శిఖరం 230 దగ్గరే ఆగుతుంది కాబట్టి మీ హెచ్‌టీ కూడా ఉండాల్సిన దానికన్నా దాదాపు మూడో వంతు తక్కువ అవుతుంది. యాంప్లిఫయర్‌లో ఏం చేసినా దీనికి పూర్తి మందు లేదు. ఇన్వర్టర్ లేని లైను నుంచి ప్లగ్గు తీసుకుని, కరెంటు పోయినప్పుడు పాట ఆపేయడమే దారి. ఇన్వర్టర్ మార్చే రోజు వస్తే సైన్ వేవ్‌ది తీసుకోండి, దీని కోసమే మార్చొద్దు. అలాగే గదిలో తిప్పుడు నాబ్ ఉన్న ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే ఒకసారి ఫ్యాన్ ఆపి వినండి. ఒంగోలు ఎండల్లో ఫ్యాన్ ఆపి పాట వినమనడం పాపం, కాబట్టి తేడా కనిపిస్తే రెగ్యులేటర్‌ను మెట్లు మెట్లుగా తిరిగే కండెన్సర్ రకానికి మార్చండి.

చిటపట వేరే జబ్బు, దీనికి ఆ ‘ఊఁ’తో చుట్టరికం లేదు. వాల్వు మార్చినా పోలేదంటే వాల్వు నిర్దోషి. బేస్ కాళ్లు ఆల్కహాల్‌తో తుడిచి, వదులైన క్లిప్పులను సూదితో కాస్త బిగించండి. తర్వాత ఎండిన వెదురు పుల్లతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమ వైపు అతుకులు ఒక్కొక్కటే తట్టండి. తట్టినప్పుడు పటపటమన్న అతుకును మళ్లీ కరిగించండి. ఏదీ పలకకపోతే ఎడమ ప్లేట్ రెసిస్టర్ (వాల్వుకు హెచ్‌టీ అందించేది) పాత కార్బన్‌ది అయ్యుంటుంది. మెటల్ ఫిల్మ్‌ది వేస్తే పోతుంది.

హెడ్‌ఫోన్ ఏదో మీరు రాయలేదు, అది కూడా తూకంలోకి వస్తుంది. ఒక మిల్లీవాట్ కోసం 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు 0.18 వోల్టు చాలు, 300 ఓముల హెడ్‌ఫోన్‌కు 0.55 కావాలి. మీ సర్క్యూట్ పెద్ద ఓముల హెడ్‌ఫోన్ల కోసం పుట్టింది. 32 ఓములవే వాడతానంటే, జాక్ దగ్గర ఒక్కో చానల్‌కు వరసలో 220 ఓములు, నేలకు 33 ఓములు పెట్టండి. మోత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పాట కూడా అంతే తగ్గుతుంది కానీ, మీరు ఇప్పుడు వాల్యూమ్ నాబ్‌ను గడియారంలో తొమ్మిది గంటల దిక్కు దాటించడం లేదన్నారు, కాబట్టి పెంచుకునే చోటు బోలెడుంది.

అమ్మేయడం గురించి అడిగారు. అమ్మొచ్చు, కానీ ఎర్త్ తెగిన యాంప్లిఫయర్‌ను ఇంకొకరి ఇంటికి పంపకండి, సరిచేశాకే. సరిచేశాక అమ్మాలనిపించదేమో, అది వేరే సంగతి. రెడీమేడ్ కొంటే మోత బాధ చాలావరకు పోతుంది, ల్యాప్‌టాప్ చుట్టు, ఇన్వర్టర్ మాత్రం దానికీ తప్పవు. మీ ఆవిడకు ఆ మాట చెప్పండి. ఒక నెల గడువు అడగండి, కొత్త ఖర్చు కొన్ని వందలు మించదు.

మొహమాటం విషయంలో నేను చెప్పగలిగింది ఒక్కటే. పెద్దవయసులో చెవి ముందు కోల్పోయేది సన్నని పై స్వరాలను. 50, 100 లాంటి కింది మోతలు చాలామందికి బాగానే వినిపిస్తాయి. నలభై ఏళ్లు ఈ మోతల మధ్యే బతికిన చెవి మీ ఇంట్లో ఉంది. స్విచ్ ఆపే పరీక్ష ఆయన చేత చేయించండి. ఆయన చేతికి పని లేదు, స్విచ్ మీరు నొక్కుతారు, ఆయన వింటారు. ‘నువ్వు చెప్పిందే కరెక్టు నాన్నా’ అని మీరు ముందే ఒప్పుకోనక్కర్లేదు, బ్యాటరీ పెట్టినప్పుడు అది తానే తేలుతుంది. ఆ రోజు ఆయన ఒకటి రెండు మాటలు అంటారు, పడండి.

ఆయన చెవికి హెడ్‌ఫోన్ పెట్టేముందు మాత్రం జాక్ దగ్గర డీసీ వోల్టేజి కొలవండి. కొన్ని మిల్లీవోల్టులు దాటకూడదు. వోల్టుల్లో ఉంటే అవుట్‌పుట్ కండెన్సర్ లీకవుతోంది, మార్చండి. ఆన్ చేసిన నిమిషం తర్వాతే హెడ్‌ఫోన్ గుచ్చండి, మొదట్లో వచ్చే దెబ్బ చెవికి మంచిది కాదు. ఆ డీసీ కొలత, స్విచ్ ఆపాక ఆ కొన్ని సెకన్లలో ఆయన విన్నది, రెండూ రాసి మళ్లీ ఉత్తరం వెయ్యండి. అప్పటికీ ఏదైనా మోత మిగిలితే దాని సంగతి అప్పుడు చూద్దాం.